కంచుకి గాజు పూత: మన ఉప్పుగాలిలో ఏ సీసా పనికొస్తుంది, ఏది పనికిరాదు

"గాజు పూత" అని అట్ట మీద అచ్చేసి అమ్మే సరుకు ఇప్పుడు రెండు రకాలు. కార్లు మెరిపించే దుకాణాల్లో "సిరామిక్ కోటింగ్, 9హెచ్" అని దొరికే చిన్న సీసా ఒకటి. "ఎ", "బి" అని రెండు సీసాలుగా వచ్చే సోల్-జెల్ కిట్ రెండోది, అంటే కలిపిన ద్రవం జెల్‌గా గట్టిపడే రకం. ఇది రసాయనాల డీలరు దగ్గర ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి. రెండూ చెప్పుకునేది ఒకటే: తుడిచి ఆరబెడితే లోహం మీద కంటికి కనపడనంత పల్చటి గాజు పొర ఏర్పడుతుంది, చిలుము పట్టదు, రంగు మారదు. గుడి గంటలకీ, దీపస్తంభాలకీ, సెంటర్లో నిలబెట్టిన నాయకుల విగ్రహాలకీ వేయిద్దామని కమిటీలు అనుకుంటున్నవి ఇవే.

కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే మందు పది పేర్లతో వస్తోంది, ఈ ఏడాది ఉన్న పేరు వచ్చే ఏడాది ఉండదు. సీసా మీదా, దానితో ఇచ్చే సేఫ్టీ షీటులోనూ ఏ మాట ఉందో చూస్తే లోపలున్నది ఏమిటో తెలిసిపోతుంది. ఆ మాటలు కింద చెబుతాం.

ఓపిక లేనివాళ్లకి ముందే తీర్పు: కారు సీసా కంచుకి వద్దు. సోల్-జెల్ కిట్ మంచి సరుకే, కానీ మండపంలోనో, అద్దాల పెట్టెలోనో, కనీసం పైకప్పు కిందో ఉన్న కంచుకి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆరుబయట ఉన్నదానికి ఒంటరిగా ఆ పూతని నమ్ముకోవద్దు. పూత కన్నా దాని కింద మిగిలిన ఉప్పు ఎంతో అదే అసలు లెక్క, ఆ ఉప్పు తీసే పని ఈ రెండు సీసాల్లో ఏదీ చేసిపెట్టదు.

మన దగ్గర కంచుకి వచ్చే రోగం

కంచు మీద చిలుమంతా రోగం కాదు. గోధుమ రంగు పొర రాగి ఆక్సైడు, ముదురు ఆకుపచ్చది సల్ఫేటో కార్బనేటో. అవి లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, ఒకరకంగా కాపాడతాయి కూడా. తోమి తీసేయాల్సిన పని లేదు. భయపడాల్సింది లేత ఆకుపచ్చ పొడికి. గంట అంచు లోపలి వైపు, అక్షరాల గాళ్లలో, విగ్రహం చంకల్లో వెతకండి. వేలితో రాస్తే ముగ్గుపిండిలా రాలుతుంది, కింద చిన్న గుంట కనపడుతుంది. లోహాన్ని అంటుకుని ఉన్న రాగి క్లోరైడు తేమ తగిలి ఈ పొడిగా పొంగుతుంది, పొంగేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం ఇంకాస్త రాగిని తిని మళ్లీ క్లోరైడు చేస్తుంది. గాలిలో తేమ సుమారు 42–46 శాతం దాటితే ఈ చక్రం తిరగడం మొదలవుతుంది. కోనసీమ తీరంలో తేమ అంతకన్నా తగ్గి ఉండే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

దీన్ని ఇంకొకదానితో పొరబడవద్దు. దీపపు కుందుల్లో, దీపస్తంభం పళ్లేల్లో కనపడే జిడ్డు ఆకుపచ్చ ముద్ద క్లోరైడు కాదు. నూనెలోని ఆమ్లాలు రాగితో కలిసి తయారైన రాగి సబ్బు అది. గోరుతో గీకితే మైనంలా చుట్టుకుంటుంది, పొడిలా రాలదు. దాన్ని పెయింట్ల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్‌తో తుడిస్తే వస్తుంది.

ఉప్పు సముద్రం నుంచే రావాలని లేదు. భీమవరం చుట్టుపక్కల ఉప్పునీటి చెరువుల మీద ఏరియేటర్లు రాత్రంతా నీళ్లు చిమ్ముతుంటాయి. అభిషేకంలో కొబ్బరినీళ్లు పోస్తారు, అందులో క్లోరైడూ ఉంది, పులుపూ ఉంది. చింతపండూ ఉప్పూ కలిపి తోమితే మెరుస్తుంది, మెరిశాక ఆ ఉప్పు గాళ్లలోనే ఉండిపోతుంది. ఎవరికీ తోచని ఇంకో దారి కళాయి. కళాయి పూసేటప్పుడు వేసే నవసాగరం అమ్మోనియం క్లోరైడు. ఒకప్పుడు కళాయి వేసిన గుడి పాత్రల్లో, అతుకుల దగ్గర, చెవుల మొదట్లో దాని అవశేషం దొరుకుతూనే ఉంటుంది.

కారు సీసా

ఇందులో చాలావాటికి ప్రాణం పాలీసిలజేన్. సేఫ్టీ షీటులో "సిలజేన్" అన్న మాట కనపడితే అక్కడితో ఆపేయండి. ఈ మందు గాలిలోని తేమతో కలిసి సిలికాగా మారుతుంది, నిజంగానే గట్టి పొర. కారు రంగు మీద మంచి సరుకు, అందులో తగాదా లేదు. చిక్కంతా మారేటప్పుడు అది అమ్మోనియా వదలడంలో ఉంది. రాగి మిశ్రమాలకి అమ్మోనియా పగ. తేమా గాలీ తోడైతే అది రాగిని కరిగించి నీలి రంగు ద్రవం చేస్తుంది, ఏళ్ల తరబడి పట్టిన గోధుమ పొరని ఒక్క పూటలో మచ్చలు చేస్తుంది.

ఇత్తడికైతే ఇంకా ప్రమాదం. జింకు ఎక్కువగా ఉండి, సుత్తితో కొట్టి వంచిన రేకులో బిగువు లోపలే ఉండిపోతుంది. అమ్మోనియా తగిలితే ఆ బిగువు ఉన్న చోట సన్నటి పగుళ్లు వస్తాయి. ధ్వజస్తంభం తొడుగు సరిగ్గా అలాంటి రేకే.

అమ్మేవాళ్ల మాట నమ్మాల్సిన అవసరం లేకుండా మీరే చూసుకోవచ్చు. పాత ఇత్తడి చెంబు ముక్కో, రాగి తీగ ముక్కో తీసుకుని తళతళలాడేలా రుద్ది, మీద పది చుక్కల మందు రాసి, పక్కనే తడి దూది పెట్టి, గాజు గ్లాసు బోర్లించండి. గ్లాసు అంచుకి తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం ముక్క అతికించండి. కాగితం నీలంగా మారినా, మర్నాటికి ముక్క అంచుల్లో నీలి జీర కనపడినా ఆ సీసా కారుకే.

ఇక 9హెచ్ సంగతి. అది పెన్సిల్ గట్టిదనం కొలత. 6బి దగ్గర మొదలై 9హెచ్ దగ్గర అయిపోయే పెన్సిళ్లతో పొరని గీరి చూస్తారు. గీత పడకపోతే 9హెచ్ అంటారు, ఆ కొలతలో అంతకు మించిన పెన్సిల్ లేదు గనక. వజ్రం 10 ఉండే ఖనిజాల కొలతకీ దీనికీ సంబంధం లేదు. పైగా కింద ఉన్నది మెత్తటి లోహం, దాని మీద మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం పొర. గట్టి దెబ్బ తగిలితే లోహం లోపలికి నొక్కుకుంటుంది, పొర గుడ్డు పెంకులా పగులుతుంది. కంచుని కాపాడేది గట్టిదనం కాదు, సందు లేకపోవడం.

రెండు సీసాల కిట్

దీంట్లో ఎ సీసా సారాయిలో (అంటే ఇథనాల్‌లో) కలిపిన సైలేన్ అనే సిలికాన్ సమ్మేళనం, బి సీసా ఆమ్లం కలిపిన పుల్లటి నీళ్లు. రెండూ కలిపితే సైలేన్ విడిపోయి, మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటుంది. మీరు డబ్బు పోసి కొంటున్నది ఎంత మామూలు సరుకో తెలియడానికి ఒక లెక్క: టెట్రా ఇథాక్సీ సైలేన్ 22 మిల్లీలీటర్లు, ఇథనాల్ 23, డిస్టిల్డ్ వాటర్ 7, ఆమ్లం ఒకటి రెండు చుక్కలు. ప్రయోగశాలల్లో ఎప్పటి నుంచో వాడే పాళ్లివి. ఇందులో పొరగా మిగిలేది సుమారు ఆరు గ్రాముల సిలికా. ఈ మొత్తం మందు ఎంతుందో అంత సారాయి మళ్లీ కలిపి పల్చన చేస్తే వందకి అయిదారు పాళ్ల పూత మందు తయారు.

కానీ ఆ ఒట్టి సిలికా కంచుకి పెళుసు. నల్లబారిన కంచు మే ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుజాముకి 25. ఈ తేడాకి మీటరు పొడవు కంచు ముప్పాతిక మిల్లీమీటరు దాకా సాగుతుంది, అంతే పొడవు అసలైన సిలికా సాగేది అందులో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. అందుకే మంచి కిట్లలో సగం దాకా మిథైల్ ట్రైఇథాక్సీ సైలేన్ లాంటిది కలుపుతారు. అది వలలో కొంచెం సాగుడు ఉంచుతుంది, నీళ్లు అంటనివ్వదు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వుర్ట్స్‌బర్గ్ శాఖ తయారుచేసిన ఆర్మోసర్ ఈ సగం గాజు, సగం ప్లాస్టిక్ కుటుంబంలోదే. రాగి మిశ్రమాలకి మెర్కాప్టో సైలేన్ ఉన్న కిట్ ఇంకా మేలు. దాని గంధకం చెయ్యి రాగిని గట్టిగా పట్టుకుంటుంది. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, పాడైపోయిందని పారెయ్యకండి.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బి సీసాలో ఏ ఆమ్లం? చవక కిట్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఉప్పు కడిగి కడిగి వదిలించుకున్న కంచు మీద మన చేత్తో మళ్లీ క్లోరైడు పెట్టడమే అది. నైట్రిక్‌దో, ఎసిటిక్‌దో కావాలి. జవాబు చెప్పలేని డీలరు దగ్గర కొనకండి. ఎసిటిక్ అయినా కొంచెం జాగ్రత్త: కలిపిన మందుని పీహెచ్ కాగితం మీద వేసి చూడండి, 3 కన్నా తక్కువుంటే కనపడని చోట దూదితో ఒక నిమిషం అద్ది చూడండి. దూది పచ్చబడితే అది చిలుము పొరని కరిగిస్తోందన్నమాట. ఆ మందు పాత కంచుకి వాడకూడదు.

"ట్రైమెథాక్సీ" అన్న పదం ఉంటే ఆరేటప్పుడు మెథనాల్ ఆవిరి వస్తుంది. అది విషం. గర్భగుడిలో తలుపులేసి చేసే పని కాదు, గాలి బాగా ఆడే చోటే చెయ్యాలి; కార్బన్ గుళిక ఉన్న మాస్కు మెథనాల్‌ని సరిగా ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. గ్లవ్స్ తప్పనిసరి.

మాకు ఒక ఫిర్యాదు ఉంది, అది ప్రకటనల భాష మీద. దీన్ని గాజు అనడం కొంచెం గడుసుతనం. నిజమైన గాజులా సందులన్నీ మూసుకోవాలంటే ఈ పొరని కొన్ని వందల డిగ్రీల్లో కాల్చాలి. పాత కంచుని అలా కాల్చలేం, చిలుము పొర రంగు మారిపోతుంది, పోతలో సీసం ఉంటే 327 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి మనకి మిగిలేది గది వేడిలో గట్టిపడ్డ జెల్. నీటి చుక్కని ఆపుతుంది, నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. ఉప్పు కింద ఉంటే ఆ ఆవిరే చాలు. పొర కింద లేత ఆకుపచ్చ బుడిపె లేచి, చిటుక్కున పెచ్చు ఊడుతుంది.

కడగడమే సగానికి పైగా పని

కళాయి వేసేవాడు కూడా పాత్ర తెల్లగా తోమకుండా కళాయి ముట్టడు. ఇక్కడ తోమడం బదులు కడగడం.

బోరు నీళ్లు వద్దు, డెల్టా కింది మండలాల్లో అవి ఉప్పువే. ఇంట్లో ఆర్వో నీళ్లలో కూడా ఉప్పు కొంత మిగులుతుంది. బ్యాటరీ దుకాణంలో అయిదు లీటర్ల డబ్బాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఓ మాదిరి గంటకి నాలుగైదు డబ్బాలు పడతాయి. ముందు పొడి బ్రష్షుతో దుమ్మూ, కుంకుమా, మసీ దులపాలి. తర్వాత నూనె, పాత మైనం మినరల్ టర్పెంటైన్‌తో, ఆ వెంటనే అసిటోన్‌తో. మైనం జాడ ఉన్న చోట సైలేన్ పట్టదు, ఆరాక పొలుసులా లేస్తుంది. అప్పుడు నాన్-అయానిక్ డిటర్జెంటు లీటరుకి రెండు మిల్లీలీటర్లు కలిపి మెత్తటి నైలాన్ బ్రష్షుతో కడిగి, ఒట్టి నీళ్లతో కనీసం అయిదుసార్లు. ఇత్తడి బ్రష్షు, స్కాచ్‌బ్రైట్, ఇటుక పొడి ముట్టకూడదు.

ఉప్పు పోయిందో లేదో కళ్లతో తెలియదు. శుభ్రమైన దూదిని డిస్టిల్డ్ వాటర్లో ముంచి అనుమానం ఉన్న చోట అరగంట అంటించి ఉంచండి. ఆ దూదిని అయిదు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో పిండి, పల్చటి నైట్రిక్ ఆమ్లం రెండు చుక్కలు, సిల్వర్ నైట్రేటు ద్రావణం రెండు చుక్కలు వెయ్యండి. వంద మిల్లీలీటర్లలో 1.7 గ్రాములు కరిగిస్తే సరిపోయే ద్రావణం; గోధుమ రంగు సీసాలో దాచాలి, చేతికి అంటితే నాలుగు రోజులు నల్ల మచ్చ. తెల్లగా పాలు విరిగినట్టు మసక వస్తే ఉప్పు ఇంకా ఉంది. పక్కన ఉత్త డిస్టిల్డ్ వాటర్ దూదితో ఒక గొట్టం పెట్టుకుని పోల్చండి, లేకపోతే మన చేతి చెమటనే కంచు మీద నెట్టేస్తాం. ఇదంతా మీవల్ల కాదనుకుంటే చెరువు నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబుకి కడుగు నీళ్లు పట్టుకెళ్లండి. భీమవరంలో అయినా అమలాపురంలో అయినా క్లోరైడు చూడటం వాళ్లకి రోజూ చేసే పనే.

మసక వస్తుంటే కాగితపు గుజ్జుని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పట్టు వెయ్యండి, మీద పాలిథిన్ చుట్టి ఒక రోజు ఉంచి తీసి, కొత్తది వెయ్యండి. పరీక్ష నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే. ఓపిక పరీక్షే, దగ్గరదారి లేదు. పుస్తకాల్లో సోడియం సెస్క్వికార్బనేట్ నానబెట్టడం కనపడుతుంది. తవ్వకాల్లో దొరికిన వస్తువులకి నెలల తరబడి చేసే పని అది, రంగూ మారుస్తుంది. వాడుకలో ఉన్న గంటకి వద్దు.

ఆ తర్వాత ఇథనాల్‌తో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో 50–60 డిగ్రీలకి మించకుండా ఆరబెట్టి, ఒక రోజు మూసిన డబ్బాలో తడి దూది పక్కన ఉంచండి. పెద్ద వస్తువైతే అనుమానం ఉన్న భాగానికి పాలిథిన్ సంచి కట్టి లోపల తడి దూది పెట్టండి. మర్నాడు లేత పచ్చ చుక్క ఒక్కటి కనపడినా మళ్లీ మొదటికి రావాలి. ఈ ఒక్క రోజు ఆగలేక చేసిన పనులే వానాకాలం దాటేసరికి పెచ్చులూడతాయి.

రాగి తుప్పుని ఆపే మందు బెంజోట్రయజోల్ గురించి అడుగుతారు గనక: ఇథనాల్లో నూటికి మూడు పాళ్లు కరిగించి రాయడం 1960ల నుంచి సంరక్షకుల అలవాటు, మంచి మందే. అయితే రాసి వదిలేస్తే మిగిలిన తెల్ల స్ఫటికాల మీద గాజు పూత పట్టదు. అదనంగా ఉన్నదంతా ఇథనాల్ గుడ్డతో తీసెయ్యాలి. ఒంటికి మంచిది కాదు, పొడి పీల్చకండి.

రాయడం, తప్పులు ఎక్కడ జరుగుతాయి

ఇక్కడ సమయమే ముఖ్యం. సంక్రాంతి మంచు తగ్గాక, ఉగాది లోపు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపు, షామియానా నీడలో. తేమ 60 శాతం దాటితే ఆ రోజుకి మానెయ్యండి. కారణం ఉంది: 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో మంచు పట్టే వేడి 26 డిగ్రీలు. సారాయి ఆవిరయ్యేటప్పుడు లోహం పైభాగం అంతకన్నా చల్లబడుతుంది, కనపడని మంచు పట్టి పూత పాలు పోసినట్టు తెల్లబారుతుంది. లోహం వేడి, మంచు పట్టే వేడికన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువుండాలి. వేడి కొలిచే తుపాకీ మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

ఎ, బి కలిపాక గాజు గిన్నెలో గంట సేపు కలియబెట్టాలి, రెండుగా విడి ఉన్నది ఒక్కటై తేటగా మారుతుంది, గిన్నె గోరువెచ్చబడుతుంది. వేడెక్కకపోతే సైలేన్ పాతబడింది. వడపోత కాగితంలో వడకట్టి అదే రోజు వాడెయ్యండి.

ఎంత పడుతుంది? చదరపు మీటరు మీద అర మైక్రాన్ పొర అంటే అర మిల్లీలీటరు ఘనం. నూటికి అయిదు పాళ్ల మందైతే పది మిల్లీలీటర్లు. గుడ్డ తాగేదీ, గరుకు చిలుము తాగేదీ కలిపి రెట్టింపు వేసుకోండి. అడుగు వెడల్పు గంటకి లోపలా బయటా కలిపి చదరపు మీటరులో సగం ఉంటుంది, అంటే ఒక పూతకి పది పన్నెండు మిల్లీలీటర్లు. యాభై మిల్లీలీటర్ల కిట్టుతో నిలువెత్తు విగ్రహం అయిపోతుందని ఎవరైనా చెబితే ఆ లెక్క తప్పు.

నూలు పోగులు రాలని గుడ్డతో ఒకే దిశలో, ఆగకుండా, తడి అంచు మీద తడి అంచు. లేదా 0.3 మిల్లీమీటర్ల ముక్కు ఉన్న ఎయిర్‌బ్రష్‌తో, జానెడు దూరం నుంచి. మొదటి పూత తర్వాత ఒక రోజు ఆగి రెండోది. రెండు చాలు. మందంగా ఉంటే మంచిదన్న ఆశ ఇక్కడ పనికిరాదు: ఒట్టి సిలికా పొర ఒక మైక్రాన్ దాటితే ఆరేటప్పుడు ముడుచుకుని ఎండిన చేను బీటలు తీసినట్టు పగులుతుంది. గాళ్లలో నిలిచిన చుక్కలు ముందుగా పగిలేవి. మడిచిన బ్లాటింగ్ కాగితం కొసతో వాటిని వెంటనే పీల్చెయ్యాలి. ఆ తర్వాత వారం రోజులు ముట్టుకోవద్దు, పూలూ పసుపూ వద్దు.

మెరుగు పెట్టిన కంచు మీద ఇంకో చికాకు. నీళ్ల మీద కిరసనాయిలు పడినట్టు ఇంద్రధనుస్సు రంగులు కనపడతాయి. కాంతి తరంగమంత మందం ఉన్న పొరకి ఇది సహజం, పాడైనట్టు కాదు. గోధుమ రంగు పాత కంచు మీద దాదాపు కనపడదు. ఫోను టార్చి పక్కవాటుగా వేసి చూస్తే పూత ఎక్కడ తగ్గిందో ఈ రంగులే చెబుతాయి, కాబట్టి మీద మైనం వేయకముందే చూసుకోండి.

మైనం మాట వచ్చింది కదా, పూత మీద అది తప్పదు. ప్రాగ్‌లోని సెయింట్ వైటస్ కేథడ్రల్ మీద 14వ శతాబ్దపు గాజు మొజాయిక్‌కి గెట్టీ సంస్థతో కలిసి సోల్-జెల్ పూత వేసినప్పుడు కూడా దాని మీద మార్చుకోదగ్గ ఫ్లోరోపాలిమర్ పొర వేశారు. దెబ్బలు పైపొర తినాలి, లోపలిది నిలబడాలి. మన కంచుకి మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. ఏడాదికొకసారి.

మైనమే చాలదా, ఇంత తిప్పలెందుకు?

చాలా చోట్ల చాలు. ఆరుబయట విగ్రహానికి ఏటా కడిగి మైనం రాయించే మనిషి ఉంటే గాజు పూత అనవసరం. మైనం చవక, టర్పెంటైన్‌తో వచ్చేస్తుంది, తప్పు చేసినా దిద్దుకోవచ్చు. బలహీనత మన ఎండే, నడివేసవిలో మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది. ఇన్‌క్రాలాక్ అనే యాక్రిలిక్ లక్కలో బెంజోట్రయజోల్ కలిసే ఉంటుంది, కొన్నేళ్లు నిలుస్తుంది, అసిటోన్, టొల్యూన్ లాంటి వాటితో తీసెయ్యొచ్చు. గాలి తుపాకీతో కొట్టేవాడి చెయ్యి బాగుండాలి, వేడిలో సాలెగూడులా పోగులు పోగులుగా పడుతుంది.

గాజు పూత వీటికన్నా పల్చన, కంచు రంగు మార్చదు, ఎండకి మెత్తబడదు, గంట మోత తగ్గించదు. ఇవన్నీ నిజమైన సుగుణాలు. దాని అసలు లోపం తీయలేకపోవడం. సిలికాని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, మరిగే క్షారం గానీ కంచు దగ్గరికి తేకూడదు, గీకితే చిలుము పొర కూడా పోతుంది. అందుకని పాత వస్తువు మీద నేరుగా కాకుండా ముందు పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్ అసిటోన్లో నూటికి మూడు నుంచి అయిదు పాళ్లు కలిపి పల్చగా రాసి, దాని మీద గాజు పూత వేయడం మేలు. పట్టు కొంచెం తగ్గుతుంది. రేపు కావాలంటే అసిటోన్ పట్టుతో కింది పొర మెత్తబడి పైది పెచ్చులుగా వస్తుంది. మేమైతే పట్టు తగ్గినా ఈ పద్ధతికే ఓటేస్తాం.

వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు. దేవాదాయ శాఖ గుళ్లో వస్తువైతే శాఖ అనుమతి కావాలి. ద్రాక్షారామం లాంటి చోట్ల కేంద్ర పురావస్తు శాఖనీ అడగాలి. కమిటీ తీర్మానం ఒక్కటీ చాలదు. లక్నోలో ఎన్ఆర్ఎల్‌సీ అని సాంస్కృతిక సంపద సంరక్షణకే ప్రత్యేకించిన జాతీయ ప్రయోగశాల ఉంది, రాసి అడగవచ్చు.

రోజూ అభిషేకం జరిగే ఉత్సవమూర్తులకి ఏ పూతా వద్దు. పాలు, పెరుగు, తేనె, చందనం, మళ్లీ తోమడం. ఏ పొరా దీనికి ఆగదు, ఊడిన పొర తీర్థంలో కలుస్తుంది. అభిషేకం అయిన వెంటనే మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవడం వాటికి చాలు. గంటకి నాలుక తగిలే చోట పూత వదిలెయ్యండి, మొదటి హారతికే అక్కడ ఎగిరిపోతుంది. ధ్వజస్తంభం తొడుగుకి బయట ఎన్ని పూతలేసినా మేకుల సందుల్లోంచి నీళ్లు లోపలి కర్రలోకి దిగుతాయి. ముందు ఆ సందులు చూడాలి. విగ్రహమైతే పీఠం దగ్గర నీళ్లు కారే రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, లోపల ఇనుప చట్రం తుప్పు పట్టి ఎర్ర జీరలు బయటికొస్తుంటే పూతల దుకాణం కాదు, పోత పనివాడు కావాలి. అసలు అది కంచేనా అన్నది కూడా తేల్చుకోండి. మన సెంటర్లలో రాగి రంగు పూసిన సిమెంటు, ఫైబర్ విగ్రహాలు తక్కువేం కాదు, వేలితో తట్టితే చప్పుడే చెబుతుంది. జయంతికి పాలాభిషేకం చేసేవాళ్లు సాయంత్రం ఒక బిందె మంచినీళ్లు కూడా పోస్తే ఏ పూత చేసే మేలుకైనా తీసిపోదు.

ఏది కొన్నా అసలు వస్తువు మీద మొదలుపెట్టవద్దు. కొత్తపేట శిల్పుల దగ్గరో, అజ్జరం ఇత్తడి పనివాళ్ల దగ్గరో అదే లోహంలో రెండంగుళాల చదరపు ముక్కలు ఆరు కోయించండి. రెండింటికి ఏమీ వద్దు, రెండింటికి మైనం, రెండింటికి గాజు పూతా మైనమూ. ఒక్కో జతలో ఒకటి కప్పు కింద, ఒకటి బయట, నైలాన్ దారంతో వేలాడదీయండి. ఇనుప తీగ వాడితే దాని తుప్పు లెక్కంతా చెడగొడుతుంది. తూకం వేసి, ఫొటో తీసి, నెలకీ, మూడు నెలలకీ, వానాకాలం దాటాక ఒకసారీ చూడండి.

మిగిలిన కలిపిన మందుని తిరిగి ఎ సీసాలో పోయకండి, మూత బిగించి దాచకండి. తెరిచిన పళ్లెంలో నీడన వదిలేస్తే రెండు రోజుల్లో జెల్ అయి గాజు పలుకుల్లా ఎండుతుంది. ఆ పలుకులు కాగితంలో చుట్టి పారెయ్యాలి, తూములో పోస్తే తూమే మూసుకుంటుంది.